అటక మెట్ల హాజరు

ఆర్జియమ్మ చేతిలో ఎప్పుడూ రెండు వస్తువుల్లో ఏదో ఒకటి ఉండేది. పొద్దున్నపూట గజం పైన పొడుగున్న పిండి కర్ర, మిగతా వేళల్లో నల్ల అట్ట నోటుపుస్తకం. కర్రతో పిండిని దారిలో పెడుతుంది, పుస్తకంతో ఊరిని దారిలో పెడుతుంది అని మా ఊరు కసాల్వెర్దెలో గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. ఆ గిట్టనివాళ్ళకి కూడా ఆవిడ చేతి తొర్తెల్లి లేనిదే ఆదివారం గడిచేది కాదు. గుమ్మడికాయ పూర్ణం పెట్టి, అంచులు నొక్కి, వెన్నలో పొర్లించిన ఆ తొర్తెల్లి తింటూనే ఆవిణ్ణి తిట్టేవాళ్ళు. ఒకరిని తిట్టాలన్నా ఒంట్లో ఓపిక ఉండాలి కదా, ఆ ఓపిక కూడా ఆవిడ పెట్టిందే.

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే ముందు మా తెయాత్రో సంగతి చెప్పాలి. ఊరి నడిబొడ్డున ఉన్న ఆ ఒపేరా భవనానికి రెండు గుమ్మాలు. చౌకు వైపున్న ఆరు స్తంభాల గుమ్మం పెద్దవాళ్ళది. వెనక చేపల సందులో ఉన్న ఒంటిరెక్క తలుపు మిగతా అందరిదీ. నూట యాభై ఏళ్ళ కిందట నార వ్యాపారంలోనూ జున్ను వ్యాపారంలోనూ బాగుపడ్డ ముప్ఫై ఎనిమిది కుటుంబాలు కలిసి దాన్ని కట్టించాయి. వరసలు వరసలుగా చిన్న చిన్న గదులు, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, ఒక్కో తాళంచెవి. పొలం రాసిచ్చినట్టే ఆ గదుల్నీ కొడుకులకి రాసిచ్చేవాళ్ళు. కట్టడం సగమయ్యాక ఊళ్ళో ఇంకా జనం ఉన్నారని ఎవరికో గుర్తొచ్చింది. అప్పుడు కప్పు కింద, దీపాల పొగ చేరే చోట, చెక్క బల్లలు వేయించి, సందులోంచి తొంభై నాలుగు మెట్లు కట్టించారు. ఆ చోటుకి మేం పెట్టుకున్న పేరు అటక. కింది గదులకి పెట్టిన పేరు గూళ్ళు.

కట్టించినవాళ్ళకి తెలియని విషయం ఒకటుంది. పాట పైకి పోతుంది. గూట్లో కూర్చున్నవాళ్ళకి పాటగాడి కాళ్ళ జోళ్ళు కనిపిస్తాయి, అటక మీదవాళ్ళకి అతని ఊపిరి కూడా వినిపిస్తుంది. అందుకే ఎంత పేరున్న గాయకుడైనా మా ఊరొస్తే ముందు తలెత్తి అటక వైపు చూసేవాడు. మా అటక మీద ఈల మోగిందంటే మెచ్చుకున్నట్టు కాదు, మూటాముల్లె సర్దుకోమని. ఒకాయన పై స్వరం అందక దగ్గు నటిస్తే, ఆ పూట మా వాళ్ళు రెండు వందల ఎనభై మందీ కలిసి దగ్గారు.

అంత మోజున్న చోట తోపులాట ఉండకుండా ఉంటుందా. అటక మీద బల్లలకి నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్ళదే చోటు. డబ్బున్నవాళ్ళు తమ నౌకర్లని పంపి మెట్ల మీద నిలబెట్టించి, ఆఖరి నిమిషంలో తాము వచ్చి కూర్చునేవాళ్ళు. ఒక ఏడాది ఆ మెట్ల మీదే ఒకాయన ముందుపళ్ళు రెండు పోయాయి. అప్పుడు ఆర్జియమ్మ తల్లి చెజీర, బట్టలుతికే మనిషి, నల్ల అట్ట పుస్తకం ఒకటి తెచ్చి, వచ్చినవాళ్ళ పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టింది. రోజుకి మూడుసార్లు హాజరు పిలుస్తుంది. ఒక్కో పేరూ మూడుసార్లు పిలుస్తుంది. ‘ఉన్నాను’ అనకపోతే ఆ పేరు కొట్టేసి జాబితా అడుక్కి దింపుతుంది. ఒకరి బదులు ఇంకొకరు పలకడానికి లేదు. చెవి ఎవరిదో కాళ్ళూ వాళ్ళవే అనేది ఆవిడ మాట. హాజరు నడుస్తున్నంతసేపూ పిలిచిన మనిషి తప్ప ఇంకెవరూ నోరు విప్పకూడదు. ఇదంతా ఎక్కడా రాసిపెట్టి లేదు. ఊళ్ళో పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఇది వచ్చేది.

తల్లి మోకాళ్ళు మొరాయించాక ఇరవై నాలుగేళ్ళ ఆర్జియమ్మ చేతికి పుస్తకం వచ్చింది. తల్లి కొంచెం మెతకే అనిపించింది అప్పుడు జనానికి.

ఆవిడ పెళ్ళి కూడా ఆ వరసలోనే కుదిరింది. జాబితాలో ఆవిడది పద్నాలుగో పేరు, రైల్వేలో పనిచేసే నెల్లోది పదిహేనో పేరు. రెండు రాత్రులూ మూడు పగళ్ళూ పక్కపక్కన నిలబడితే ఎవరికైనా మాటలు కలుస్తాయి. మూడోనాడు చలికి ఆవిడ చేతులు నలుపుకుంటుంటే చూసి నెల్లో కాఫీ తేవడానికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి హాజరు అయిపోయింది. ఆర్జియమ్మ కాఫీ తాగింది, బాగుందని చెప్పింది, పేరు కొట్టేసింది. ఆ సంగతి నెల్లో పెళ్ళిలో చెప్పాడు, పిల్లల నామకరణాల్లో చెప్పాడు, చనిపోయే ఏడాది ఆసుపత్రిలో నర్సులక్కూడా చెప్పాడు. “నన్ను కొట్టేసింది కానీ కాఫీని మాత్రం వదల్లేదు” అని నవ్వేవాడు. అతని మోచెయ్యి ఆనీ ఆనీ అటక మీద మూడో స్తంభం దగ్గర ఇనప కమ్మీకి రంగు పోయి చిన్న గుంట పడింది. అతను పోయాక ఆవిడకి ఆ చోటు మరీ సొంతమైంది.

యుద్ధం చివరి చలికాలంలో బాంబులకి ఇళ్ళు పోయినవాళ్ళు గూళ్ళలో కాపరాలు పెట్టారు. ఈ గూటికీ ఆ గూటికీ తాళ్ళు కట్టి పసిపిల్లల గుడ్డలు ఆరేశారు. వాళ్ళందరికీ మొక్కజొన్న సంకటి వండింది ఆర్జియమ్మే. సంకటి గిన్నె దగ్గరా హాజరు పిలిచేది. అయితే ఆ నాలుగు నెలలూ సంకటి వండడానికి కూడా వెనక సందు తలుపులోంచే వచ్చింది తప్ప ముందు గుమ్మం తొక్కలేదు.

ఇక గ్వెర్రీనో సంగతి. గ్వెర్రీనో బెర్తాని సైకిళ్ళు బాగుచేస్తాడు. అరవై ఒకటో సంవత్సరం ఫిబ్రవరిలో, ఊరంతా ఎదురుచూసిన ఒపేరా వచ్చినప్పుడు, జాబితాలో అతను మూడోవాడు. ఆఖరి రోజు పొద్దున్న ఏడు గంటల హాజరుకి లేడు. ఏడూ పదికి చొక్కా తిరగేసి తొడుక్కుని రొప్పుతూ వచ్చాడు.

“ఆడపిల్ల పుట్టింది, ఆర్జియమ్మా. ఇప్పుడే.”

“చల్లగా ఉండాలి” అంది ఆర్జియమ్మ. “తల్లి ఎలా ఉంది?”

“బాగుంది.”

“శుభం. నీ పేరు రెండు వందల తొంభై ఎనిమిది తర్వాత రాశాను.”

ఆ రోజుల్లో కూడా అటక మీద పట్టేది రెండు వందల ఎనభై మందే. గ్వెర్రీనో సందులో నిలబడి ఒపేరా అంతా గోడకి చెవి పెట్టి విన్నాడు. ఇక నా పేరు ఆవిడ పుస్తకంలో ఎక్కితే ఒట్టు అని ఊరి కాఫీ కొట్లో ప్రమాణం చేశాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా కాఫీ కొట్లో కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఆ కథ మొదటినుంచీ చెప్పేవాడు. తొర్తెల్లి మాత్రం పెళ్ళాం చేత తెప్పించుకునేవాడు. వాటి మీద అతనికి ఏ కోపమూ లేదు.

అరవై ఎనిమిదిలో కప్పు నుంచి సున్నం పెళ్ళ ఒకటి ఊడి ఖాళీ కుర్చీ మీద పడింది. మునిసిపాలిటీవాళ్ళు రెండు గుమ్మాలకీ తాళాలు వేశారు. పద్దెనిమిదేళ్ళు ఆ తాళాలు తియ్యలేదు. గూళ్ళలో నిజంగానే పావురాలు కాపరం పెట్టాయి. తాళంచెవులున్న కుటుంబాలు అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు, ఊరొదిలినవాళ్ళు వదిలారు. చివరికి మునిసిపాలిటీయే అన్ని గూళ్ళనీ కొని, కప్పు దించి, మళ్ళీ కట్టించి, ఎనభై ఆరు అక్టోబరులో తెరుస్తామని చాటింపు వేసింది. అప్పటికి ఆర్జియమ్మకి అరవై తొమ్మిదేళ్ళు. ఆ చాటింపు విన్న పూట ఆవిడ ఒత్తిన పిండి చిరిగిపోయింది. నలభై ఏళ్ళలో చిరగడం అదే మొదటిసారి.

కొత్త నిబంధనల ప్రకారం అటక మీద నూట ఇరవై మందికే చోటు. ఈ కబురుతో పాటు మేయరు గుమాస్తా బంగారు అంచు కార్డు ఒకటి తెచ్చాడు.

“అమ్మా, రెండో వరస ఏడో గూడు. మేయరుగారి అత్తగారి పక్కన. మీరు పాతకాలం మనిషి కదా, గౌరవంగా ఉంటుందని.”

“పాతకాలం మనిషినే. అందుకే నా కాళ్ళకి ముందు గుమ్మం అలవాటు లేదు” అంది ఆర్జియమ్మ.

“పేరు కూడా రాయలేదమ్మా, తెచ్చినవాళ్ళకి చోటు అని ఉంది. మీ ఇష్టం.”

ఆవిడ ఆ కార్డుని పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకుంది. ఎనిమిది గంటల ఒపేరాకి మూడు రోజుల ముందు తెల్లారకుండానే సందులోకి వచ్చి, కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేరు తనదే రాసుకుంది. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది మూడో స్తంభం దగ్గర చోటు కోసమే. ఇంకేమీ అక్కర్లేదు ఆవిడకి.

సందు పెళ్ళిల్లయింది. మడత కుర్చీలొచ్చాయి, ఫ్లాస్కులొచ్చాయి, అక్రోట్లు వచ్చాయి, లంబ్రుస్కో వైను సీసాలొచ్చాయి. ఏ ఏడు ఎవరు బాగా పాడారో అనే తగువులు పద్దెనిమిదేళ్ళ కిందట ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడినుంచే మొదలయ్యాయి. రెండో పేరు రిటైరయిన పంతులమ్మ జాయిరది. రెండోనాడు పొద్దున్నకి పేర్లు నూట ఇరవై అయ్యాయి. అప్పుడొచ్చాడు గ్వెర్రీనో, టోపీ చేత్తో పట్టుకుని.

“రాసుకో” అన్నాడు.

“ఒట్టు ఏమైంది?”

“మా లొరేనా కోరస్‌లో పాడుతోంది. ఆ పుట్టిన పిల్లే. ఒట్టు తీసి గట్టున పెట్టాను.”

ఆర్జియమ్మ పెన్సిలు నాలుకకి తడి చేసుకుంది. “నూట ఇరవై ఒకటి.”

నూట ఇరవై ఒకటంటే బయట మిగిలే మొదటి మనిషి.

“ఒక్క రోజు ముందు రాలేకపోయావా, దరిద్రుడా” అంది ఆవిడ, నిజంగా బాధపడి.

“ఎవరో ఒకరు హాజరు తప్పుతార్లే” అన్నాడు గ్వెర్రీనో.

ఎవరూ తప్పలేదు. జలుబు చేసినవాళ్ళు తుమ్ముతూనే ‘ఉన్నాను’ అన్నారు. బేకరీవాడు పిండి చేతులతోనే వచ్చి పలికి వెళ్ళాడు. అయిదు హాజర్లు గడిచాయి, పొద్దుటిదీ గడిచింది. ఆఖరి రోజు మిగిలినవి రెండే, మధ్యాహ్నం ఒంటిగంటకొకటి, సాయంత్రం అయిదింటికొకటి. ఆరింటికి తలుపులు తీస్తారు.

ఒంటిగంటకి పావుగంట ముందు, పనివాళ్ళు చెక్కలు బయటికి మోసుకుంటూ సందు తలుపు వేయడం మరిచిపోయారు. గ్వెర్రీనో అప్పుడే ఆర్జియమ్మ దగ్గర చేరి, చలికి తొడుక్కున్న ఆవిడ మగ కోటుని వెక్కిరిస్తున్నాడు. ఆవిడ పుస్తకం అతని చేతిలో పెట్టింది.

“ఒక్క నిమిషం పట్టుకో. తలుపు వేసి వస్తా. ధూళంతా లోపలికి పోతోంది.”

తలుపు వేయడానికే వెళ్ళింది. కాకపోతే లోపలివైపు నుంచి వేసింది.

ఎందుకంటే తలుపు దగ్గరికి వెళ్ళేసరికి పైనుంచి పాట వినిపించింది. కోరస్ రిహార్సల్ చేస్తోంది. ఆ గోడల మధ్య పాట విని పద్దెనిమిదేళ్ళయింది. మోకాళ్ళు వద్దంటున్నా వినకుండా ఆవిడ తొంభై నాలుగు మెట్లూ ఎక్కింది. బల్లలు కొత్తవి. కమ్మీ మాత్రం పాతదే, మూడో స్తంభం దగ్గర రంగు వేశారు కానీ కింద గుంట అలాగే ఉంది. అందులో మోచెయ్యి ఆనించి కిందికి చూసింది. ఎర్ర మఖమల్, బంగారు పూత, మధ్యలో తుడిచి వేలాడదీసిన గాజు దీపం. స్వెట్టరు వేసుకున్న పాటగాడు గొంతు దాచుకుంటూ సన్నగా పాడుతున్నాడు. ఉన్నట్టుండి ఒక్క చరణం మాత్రం పూర్తి గొంతుతో ఎత్తుకున్నాడు. ఆ స్వరం పైకొచ్చి సరిగ్గా ఆవిడ ముందు ఆగింది. కొత్త కప్పు ఆ పాటని పాడు చేసి ఉంటుందేమోనని ఇన్నాళ్ళూ భయపడింది. పాడుచేయలేదు. ఆర్జియమ్మ ఏడ్చింది, ముక్కు చీదింది, మళ్ళీ ఏడ్చింది. చర్చి గంట ఒకటి కొట్టిన మాట ఆవిడకి తెలియదు. వినిపించినా శ్రుతిలో లేదని తిట్టుకుని ఉండేది.

కిందికి దిగి వచ్చేసరికి ఒకటీ ఇరవై. గ్వెర్రీనో దీపస్తంభం దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని మొహం చూడగానే ఆవిడకి అర్థమైంది.

“పిలిచావా?”

“గంట కొట్టింది కదా. పిలిచాను.”

“మూడుసార్లూ?”

“మూడుసార్లూ. చేపలమ్మే బియాంక కూడా కొట్లోంచి బయటికొచ్చి చూసింది.”

“కొట్టేశావా?”

“కొట్టేశాను.”

ఆవిడ పుస్తకం లాక్కుని చూసింది. ఆర్జియ అనే పేరు మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒక గీత. కింద, ఆఖరున, నూట ముప్ఫై ఏడో పేరుగా మళ్ళీ ఆర్జియ.

“గీత తిన్నగా గీశావు” అంది చివరికి.

“సైకిలు పుల్ల ఆనించి గీశాను. నాది నువ్వు వంకరగా గీసుంటావు.”

పంతులమ్మ జాయిర దగ్గరికొచ్చింది. “ఆర్జియమ్మా, నువ్వు లోపలే ఉన్నావు కదా. మేమెవరమూ చూడలేదనుకుంటాం, నీ చోటుకి నువ్వు రా.”

“చూసి చూడనట్టుండడానికి మీరేమైనా గూళ్ళలో జనమా?” అంది ఆర్జియమ్మ. “వినడానికే వెళ్ళానంటే రేపు ప్రతివాడూ ఒక కథ తెస్తాడు. నా మొగుడు కాఫీ తెచ్చాడు. కొట్టేశానా లేదా?”

పేరు కొట్టేసిన మనిషి పుస్తకం పట్టుకోకూడదు. దాన్ని మళ్ళీ గ్వెర్రీనో చేతికిచ్చి, తల ఎత్తుకునే వరస చివరికి నడిచి వెళ్ళింది. ఆవిడ దిగిపోవడంతో అందరూ ఒక్కో మెట్టు పైకి జరిగారు. గ్వెర్రీనో నూట ఇరవై అయ్యాడు. ఇప్పుడతను లోపలి మనిషి. ఇంతకాలానికి కసి తీర్చుకున్నాడు, చోటూ కొట్టేశాడు అని బియాంక పైకే అనేసింది.

చేపల కొట్టు పక్కన, నూట ముప్ఫై ఆరో వాడైన కుర్ర పోస్ట్‌మాన్ వెనక, ఆర్జియమ్మ గోడకానుకుని నిలబడింది. పదిహేడు మంది తప్పుకుంటే తప్ప తనకి చోటు లేదు. తప్పుకునే మొహం ఒక్కటీ కనిపించలేదు. పాట ఒక్క చరణమైనా విన్నాను కదా, చాల్లే అని మనసుకి సర్దిచెప్పుకుంది. మనసు వినలేదు. బాగా ఏడుపొచ్చింది. చేపల సందులో ఏడిస్తే ఊరంతా చెప్పుకుంటుందని బిగబట్టుకుంది.

గ్వెర్రీనో వరస పొడుగునా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, చెవిలో ఏదో ఊది, ముందుకు కదులుతున్నాడు. విన్నవాళ్ళు విన్నట్టు నోరు మూసుకుని నవ్వుతున్నారు. ఆవిడ దగ్గరికి వచ్చేముందే వెనక్కి తిరిగిపోయాడు.

“ఏం చెప్పాడు వాడు?” అని పోస్ట్‌మాన్‌ని నిలదీసింది.

“ఏం లేదమ్మా, చలి గురించి” అన్నాడతను, చెవులు ఎర్రబడి.

నా గురించే నవ్వుకుంటున్నారు, నవ్వుకోండి అనుకుంది. ఎంతమందిని కొట్టేశానో, ఒక్క పూట నవ్వే హక్కు వాళ్ళకుంది.

అయిదు కొట్టింది. గ్వెర్రీనో దీపస్తంభం దిమ్మె ఎక్కి పుస్తకం విప్పాడు.

“జాయిర మెలోని.”

పంతులమ్మ అతనికి రెండడుగుల దూరంలో ఉంది. తలెత్తి ఆకాశం చూస్తోంది. రెండోసారి పిలిచాడు, మూడోసారి పిలిచాడు. పలకలేదు. పేరు కొట్టేశాడు. పాపం పంతులమ్మకి చెవుడొచ్చింది కాబోలు అనుకుంది ఆర్జియమ్మ. తర్వాతి పేరు బేకరీవాడిది. అతను తన చేతి గోళ్ళలో పిండి తీసుకుంటూ నిలబడ్డాడు, పలకలేదు. కొట్టేశాడు. మూడోవాడూ అంతే. నాలుగో మనిషి పేరు దగ్గరికొచ్చేసరికి ఆర్జియమ్మకి విషయం తెలిసొచ్చి ఒళ్ళు మండిపోయింది.

కొట్టేసిన పేరు ఎక్కడికి పోతుంది? అడుక్కి. అడుగున ఇప్పుడెవరున్నారు? తను. అందరూ తన కిందికి దిగితే, అదే వరసలో దిగితే, పైన మిగిలేది తనొక్కతే.

అరవబోయింది. కానీ హాజరు నడుస్తున్నప్పుడు పిలిచిన మనిషి తప్ప ఎవరూ నోరు విప్పకూడదు. ఆ మాట చెప్పింది తల్లి, నలభై అయిదేళ్ళు దాన్ని కాపలా కాసింది తను. నోరు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి నిలబడింది. గ్వెర్రీనో ఒక్కో పేరూ మూడేసిసార్లు, ఎక్కడా తొందరపడకుండా, చర్చిలో చదివినట్టు చదువుతున్నాడు. చౌకులోంచి జనం వచ్చి చూస్తున్నారు. నూట ఇరవయ్యో పేరు దగ్గర అతను “గ్వెర్రీనో బెర్తాని” అని పిలిచి, ఆ మనిషి కోసం అటూ ఇటూ చూశాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి కొంచెం కోపంగా పిలిచాడు. పలకని గ్వెర్రీనోని సైకిలు పుల్ల ఆనించి తిన్నగా కొట్టేశాడు. బియాంక ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది.

పోస్ట్‌మాన్ కూడా పలకలేదు. ఇక మిగిలింది ఒక్క పేరు.

“ఆర్జియ బొన్‌ఫాత్తి.”

ఆవిడ పలకలేదు. తనూ నోరు మూసుకుంటే తనూ అడుక్కి పోతుంది, అంతా మొదటికొస్తుంది. బుద్ధి వస్తుంది వీళ్ళకి.

“ఆర్జియ బొన్‌ఫాత్తి.”

వరసంతా తిరిగి ఆవిడ వైపు చూస్తోంది. నూట ముప్ఫై ఆరు మంది, మూడు రోజులు చలిలో నిలబడ్డవాళ్ళు, అరగంట నుంచి మాట లేకుండా ఉన్నారు. అక్రోటు పెంకు చప్పుడు కూడా లేదు. తప్పు పడదామని ఆవిడ వెతికింది. ఒకరి బదులు ఇంకొకరు పలకలేదు. పిలవని మనిషి నోరు విప్పలేదు. ప్రతి పేరూ మూడుసార్లు పిలిచాడు. తల్లి పెట్టిన కట్టుబాట్లలో ఒక్కటీ ఎవరూ దాటలేదు. ఇంత చక్కగా నడిచిన హాజరు ఆవిడ చేతిలో కూడా ఎప్పుడూ నడవలేదు.

“ఆర్జియ బొన్‌ఫాత్తి” అన్నాడు గ్వెర్రీనో మూడోసారి, ఈసారి మెల్లగా.

“ఉన్నాను” అంది.

సందంతా చప్పట్లు. వాటి మధ్యలోంచి ఆవిడ పోట్లాటకి వెళ్ళినట్టు నడిచి వెళ్ళి పుస్తకం లాక్కుంది. వరస తప్పకుండా లెక్క చూసుకుంది. ఒకటి తను. రెండు జాయిర. వేలు కిందికి జరుపుకుంటూ నూట ఇరవై దాకా వచ్చి, ఇంకొక్కటి దిగి, అక్కడ ఆపింది. ఇంతమందిలో నష్టపోయింది ఒక్కడే.

“లెక్క తెలిసే చేశావా?”

“చక్రానికి ముప్ఫై ఆరు పుల్లలుంటాయి” అన్నాడు గ్వెర్రీనో. “ఒకటి తిప్పితే ఏది ఎక్కడికొస్తుందో నాకు తెలియదా, ఆర్జియమ్మా?”

“మరి లొరేనా పాట?”

“ఇంట్లో రోజూ వింటున్నాను. స్నానాల గదిలో.” టోపీ సర్దుకున్నాడు. “గోడకి చెవి పెట్టడం కూడా నాకు వచ్చిన విద్యే.”

ఆవిడ పేజీ తిప్పబోతే బంగారు అంచు కార్డు చేతికి తగిలింది.

“మధ్యాహ్నం నుంచీ ఇది నీ దగ్గరే ఉందిగా?”

“చూశాను. పుస్తకం ఇచ్చింది హాజరు పిలవడానికి. అందులో కాగితాలు నావి కావు.”

“ఇప్పుడు నీదే. తీసుకో.”

“నన్ను గూట్లో కూర్చోమంటావా?” గ్వెర్రీనో రెండడుగులు వెనక్కి వేశాడు. “ఆ గుమ్మంలోంచి పోయాక కాఫీ కొట్లో తలెత్తుకుని తిరగగలనా నేను?”

“చెవి ఎవరిదో కాళ్ళూ వాళ్ళవే. మూడు రోజులు నిలబడ్డ కాళ్ళు నీవి. అవి ఏ గుమ్మంలోంచి పోతే నాకేం?” అంది ఆర్జియమ్మ. “పో, మొహం కడుక్కో. చేతులకి గ్రీజుంది. మఖమల్ కొత్తది.”

పోస్ట్‌మాన్ తన టై విప్పి ఇచ్చాడు. కోటు బియాంక మొగుడిది.

ఎనిమిదింటికి ఆర్జియమ్మ మూడో స్తంభం దగ్గర గుంటలో మోచెయ్యి ఆనించి నిలబడి ఉంది. పక్కన జాయిర, వెనక నూట పద్దెనిమిది మంది. కింద రెండో వరస ఏడో గూట్లో, వజ్రాల చెవిపోగుల ముసలావిడ పక్కన, గ్వెర్రీనో వెన్ను కుర్చీకి తగలనివ్వకుండా కూర్చున్నాడు.

“గ్వెర్రీనో, గాలి సరిపోయిందా?” అని బేకరీవాడు పైనుంచి కేక వేశాడు. అటకంతా నవ్వింది. గ్వెర్రీనో పైకి చూడకుండా చెయ్యి మాత్రం ఊపాడు. మేయరుగారి అత్తగారు ఆయన తమకి తెలిసినవాడే అన్నట్టు తల పంకించింది.

దీపాలు తగ్గడం మొదలైంది. ఎనిమిది వందల మంది ఒక్కసారి గొంతు సవరించుకుని ఊరుకున్నారు. సంగీతం నడిపించే ఆయన ఇంకా రాలేదు. ఆ వ్యవధిలో అటక మీద నుంచి, చేపల సందులో ఈ చివరినుంచి ఆ చివరికి వినిపించే గొంతు లేచింది.

“అరవై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి పద్దెనిమిది, పొద్దున్న ఏడు గంటల హాజరు.”

గూళ్ళన్నీ పైకి చూశాయి.

“గ్వెర్రీనో బెర్తాని.”

ఏడో గూట్లో మనిషి కదల్లేదు.

“గ్వెర్రీనో బెర్తాని.”

నడిపించే ఆయన తలుపు దగ్గరే ఆగిపోయాడు. తెర వెనక ఎవరో ఆడపిల్ల నవ్వాపుకోలేక పక్కున నవ్వింది. గ్వెర్రీనో లేచాడు. వేసుకున్నది అరువు కోటు కదా, ఒక భుజం జారిపోయింది. దాన్ని సర్దుకోలేదు. గూటి అంచు రెండు చేతులా పట్టుకుని తలెత్తి అటక వైపు చూశాడు.

“గ్వెర్రీనో బెర్తాని.”

“ఉన్నాను” అన్నాడు.

ఆర్జియమ్మ పెన్సిలుతో పుస్తకంలో ఏదో రాసుకుని, మూసి చంకలో పెట్టుకుంది. కింద సంగీతం నడిపించే ఆయన వైపు చూసి, ఇక మొదలుపెట్టుకోవచ్చన్నట్టు తలూపింది.